బొల్లికోడి ఇంటి తలుపు

"గట్టిగా మాట్లాడు దుర్గా, ఇంకా గట్టిగా!" అన్నారు సూర్యప్రకాశం మాస్టారు.

"ఏం మాట్లాడమంటారండీ?"

"ఏదో ఒకటి. పొద్దున్న ఏం తిన్నావో చెప్పు."

"చద్దన్నం తిన్నానండీ! ఉల్లిపాయ నంజుకున్నానండీ! నిన్నటి చేపల పులుసు కూడా ఉందండీ!" అంటూ దుర్గ గొంతు చించుకుంది.

గట్టు మీద మేస్తున్న గేదె తలెత్తి వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి, మళ్ళీ మేతలో పడింది. ఆదివారం పూట ఒక మాస్టారూ, ఆరో తరగతి పిల్లా ఇలా అరుచుకుంటూ మడుగు వైపు వెళ్తుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందనుకుంటారు. కానీ అదంతా ఒక పిట్ట కోసం.

ఆ పిట్ట పేరు బొల్లికోడి. వీపంతా బూడిద కలిసిన నలుపు. మొహమూ, పొట్టా మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. మడుగుల అంచున జమ్ములో కాపురం. వానాకాలం వచ్చిందంటే 'క్రోవ్ క్రోవ్, క్వాక్ క్వాక్' అని ఊరంతా లేచి కూర్చునేలా అరుస్తుంది. అంత గొంతు ఉందా, మనిషి కంటబడాలంటే మాత్రం మహా సిగ్గు. ఆకు కదిలితే చాలు, జమ్ములో దూరిపోతుంది.

ఎలాగైనా దాని ఫొటో తీయాలని మాస్టారి కోరిక. ఆయన హైస్కూల్లో సైన్సూ, లెక్కలూ చెబుతారు. సెలవు దొరికితే చాలు, పిట్టల వెనక పడతారు. రాజమండ్రిలో ఎవరో ఫొటో స్టూడియో మూసేస్తుంటే వాళ్ళ దగ్గర ఒక పాత కెమెరా కొన్నారు. దాని ముందు మోచెయ్యంత పొడుగు లెన్సు ఉంటుంది. దాన్ని మొదటిసారి భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చినప్పుడు కిళ్ళీ కొట్టు బుల్లియ్య లేచి నిలబడి, "మాస్టారండీ, దీనికి లైసెన్సు ఉందాండీ?" అని అడిగాడు. తుపాకీ అనుకున్నాడు పాపం!

ఇక గూడు కనిపెట్టింది ఎవరనుకున్నారు? మన దుర్గే. పూర్తి పేరు లక్ష్మీదుర్గ. వాళ్ళ నాన్న భీమరాజు చేపలు పడతాడు. బాతులకి నత్తలు ఏరడానికి వెళ్ళినప్పుడు జమ్ము లోపల గడ్డి పరుపులాంటి గూడు, అందులో ఎర్రచుక్కల గుడ్లు ఆరు దుర్గకి కనిపించాయి. మర్నాడే వెళ్ళి మాస్టారికి చెప్పింది. అప్పటినుంచి ఆ గూడు తనదేనన్నంత గొప్ప ఆ పిల్లకి.

భీమరాజు కొబ్బరాకులతో గట్టు మీద ఒక చిన్న గుడిసె కట్టి ఇచ్చాడు. ఇద్దరు ముడుచుకుని కూర్చునేంత. ముందు చాలా దూరంలో పెట్టారు. రోజుకి నాలుగడుగుల చొప్పున దగ్గరికి జరిపారు. అలా జరిపితే పిట్ట బెదరదట. గుడిసె కూడా గట్టు మీద మొలిచిన మొక్కే అనుకుంటుందట.

గోల చేస్తూ వెళ్ళడానికి కారణం ఇంకోటి. బొల్లికోడికి లెక్కలు రావు. ఇద్దరు గుడిసెలోకి వెళ్ళి, ఒకరు బయటికొచ్చి వెళ్ళిపోతే, 'హమ్మయ్య, మనుషులు పోయారు' అనుకుని గూటికి వచ్చేస్తుంది. లోపల ఇంకొకరున్నారని దానికి తట్టదు. వెళ్ళడం ఎంత గోలగా వెళ్తే, తిరిగి రావడం కూడా అంత గోలగా రావాలి.

ఆ తిరిగి వచ్చే ఉద్యోగం దుర్గది. మాస్టారు లోపల సర్దుకోగానే దుర్గ బయటికొచ్చి, పదమూడో ఎక్కం అందుకుంది.

"పదమూడు ఒకట్లు పదమూడూ! పదమూడు రెళ్ళు ఇరవై ఆరూ!"

గట్టంతా ఎక్కమే. గేదె మళ్ళీ తలెత్తింది.

"పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిదీ! పదమూడు ఏళ్ళు ఎనభై ఒకటీ!"

గుడిసెలో ఏదో చిన్నగా కదిలింది. దుర్గ చూసుకోలేదు. తప్పు ఎక్కం చదువుకుంటూ కొబ్బరితోట దాకా వెళ్ళి కూర్చుంది.

రెండు గంటల తర్వాత మాస్టారు బయటికొచ్చారు. రావడం రావడమే అన్న మాట ఇది:

"పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి! లోపల నోరు మూసుకుని కూర్చోలేక నా ప్రాణం పోయిందనుకో!"

దుర్గ నాలుక కరుచుకుంది. "ఫొటో వచ్చిందాండీ?"

"రాలేదమ్మా. పిట్ట వచ్చింది, కూర్చుంది. కానీ ముందు జమ్ము దట్టంగా ఉంది. ఓసారి తోక కనిపిస్తుంది, ఓసారి ముక్కు కనిపిస్తుంది. మొత్తం పిట్ట ఒక్కసారి కూడా కనిపించలేదు." మాస్టారు నవ్వేశారు. "ఫర్వాలేదు. మళ్ళీ ఆదివారం చూద్దాం. అప్పటికి గుడ్లు పిల్లలు కాకుండా ఉంటే చాలు. పిల్లలయ్యాక ఒకట్రెండు రోజుల్లో గూడు వదిలేస్తాయి."

మాస్టారికి ఫర్వాలేదు గానీ దుర్గకి ఉంది. తను చూపించిన గూడు! అంత పెద్ద లెన్సు మోసుకొచ్చి, రెండు గంటలు కాళ్ళు మడుచుకుని కూర్చుంటే, మాస్టారికి తోకా ముక్కూ తప్ప ఏమీ దక్కలేదు. ఆ పిల్లకి చెడ్డ చిన్నతనం అనిపించింది.

శనివారం సాయంత్రం భీమరాజు అరుగు మీద కూర్చుని వలకి పడిన చిరుగులు కుడుతున్నాడు. పక్కన దుర్గ దారం అందిస్తోంది.

"నాన్నా, రేపు ఎక్కడేస్తావు వల?"

"పెద్ద కాలవ మలుపులో. కానీ రేపే వేయలేనమ్మా. గుర్రపుడెక్క కమ్మేసింది. ముందు అదంతా పీకి, జమ్ము కోసి, చోటు బాగు చేసుకోవాలి. అడ్డం ఉండగా వల విసిరితే ఏమొత్తాది? చిక్కుపడి చిరుగుద్ది."

దుర్గ చేతిలో దారపు ఉండ ఆగిపోయింది.

ఔను కదా! ఇంత చిన్న విషయం మాస్టారికి ఎందుకు తట్టలేదు? చేపకైనా ముందు చోటు బాగు చేసుకోవాలి. పిట్టకైనా అంతే. పాపం, మాస్టారు పుస్తకాల మనిషి. ఇలాంటివి ఆయనకేం తెలుస్తాయి? మనకి తెలుసు కదా, మనమే చేసిపెట్టాలి!

ఆ ఆలోచన వచ్చాక దుర్గకి నిద్రెక్కడ పడుతుంది? ఆదివారం ఏడింటికల్లా వంటింటి చూరులోంచి కొడవలి లాగి, పరికిణీ ఎగదోపుకుని మడుగులోకి దిగింది.

జమ్ములో అడుగు పెట్టగానే బొల్లికోడి ఒక్క పరుగున అవతలికి పోయింది. "ఉండవే, నీకోసమే వచ్చాను," అంది దుర్గ. గూడు ముందున్న జమ్ము అంతా సరసరా కోసేసింది. కోసినదంతా పోగేసి పక్కకి విసిరేసింది. చేతులు గీసుకుపోయినా లెక్కచేయలేదు. గట్టెక్కి గుడిసె దగ్గర నిలబడి చూస్తే, ఆహా! గూడు, గూట్లో ఆరు గుడ్లు, అన్నీ పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తున్నాయి. మాస్టారు ఎంత సంతోషిస్తారో!

ఎనిమిదిన్నరకి మాస్టారు వచ్చారు. గట్టు ఎక్కుతూనే ఆగిపోయారు.

"దుర్గా, జమ్ము ఏమైంది?"

ఆయన మొహంలో సంతోషం లేదు. దుర్గ అనుకున్నదేదీ ఆ మొహంలో లేదు. ఎందుకో తెలియకుండానే ఆ పిల్ల నోట్లోంచి అబద్ధం ఊడిపడింది.

"గేదెలు... గేదెలు తినేసుంటాయండీ."

మాస్టారు నీళ్ళలోకి వంగి ఒక జమ్ము మొదలు పట్టుకుని చూశారు. అన్నీ ఒకే ఎత్తులో, నున్నగా తెగి ఉన్నాయి.

"గేదెలు కొడవలి పట్టడం ఎప్పుడు నేర్చుకున్నాయమ్మా?"

దుర్గ తల దించుకుంది. అంతలోనే తాడిచెట్టు మీంచి నల్లగా ఏదో కిందికి జారింది. కాకి! సరాసరి గూటి అంచున వాలింది. అటూ ఇటూ చూసింది. ముక్కున ఒక గుడ్డు కరుచుకుంది.

"ఓయ్! హుష్! హుష్!" దుర్గ గట్టు దిగి పరుగెత్తింది. మట్టిబెడ్డ తీసి విసిరింది. బెడ్డ నీళ్ళలో పడింది. కాకి గుడ్డుతో సహా తాడిచెట్టు ఎక్కేసింది.

గూట్లో ఐదే మిగిలాయి.

దుర్గకి ఏడుపు తన్నుకొచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడే ఏడ్చింది. "గేదెలు కాదండీ! నేనేనండీ కోసింది. మీకు బాగా కనిపిస్తుందని కోశానండీ. నాన్న వలేసే ముందు అలాగే కోస్తాడండీ..."

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన కెమెరా మెడలోంచి తీసి సంచిలో పెట్టి, జిప్పు లాగేశారు.

"ఫొటో తీయరా మాస్టారూ? ఇప్పుడు కనిపిస్తోంది కదండీ."

"మనకి కనిపిస్తోందంటే కాకికీ కనిపిస్తోంది కదమ్మా. ఎండ కూడా సూటిగా గుడ్ల మీదే పడుతోంది, చూడు. తలుపు తీసేశాం మనం. ముందు తలుపు వేద్దాం, తర్వాత సంగతి తర్వాత. పరుగెత్తు, నాన్నని పిలుచుకురా. నేను కాకిని చూస్తుంటాను."

దుర్గ అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. సగం కుట్టిన వల అక్కడే పడేసి భీమరాజు వెంట వచ్చాడు. వచ్చి చూసి, తల గోక్కున్నాడు.

"అయ్యో, పిచ్చి తల్లీ! వలకైతే చోటు బాగు చెయ్యాలమ్మా. మనం చేపని పట్టుకుపోతాం, దాని ఇల్లు ఏమైతే మనకేంటి? మాస్టారు పిట్టని పట్టుకుపోరు కదా. అది మళ్ళీ అక్కడే ఉండాలి కదా!"

ఆ మాట దుర్గకి మాస్టారి జిప్పు చప్పుడు కంటే గట్టిగా తగిలింది. నిన్న సాయంత్రం తనకి వచ్చిన ఆలోచన ఎంత గొప్పగా కనిపించిందో! ఈ ఒక్క సంగతీ దాంట్లో లేదు.

"కోసినది గుచ్చితే నిలబడదా నాన్నా?"

"నిలబడుద్ది, మధ్యాహ్నానికి వాడిపోద్ది. వేళ్ళతో సహా తేవాలి. రా, పారతో ఆ చివర తవ్వుదాం."

మడుగు అవతలి చివర నుంచి తండ్రీ కూతుళ్ళిద్దరూ జమ్ము దుబ్బులు వేళ్ళూ మట్టీ ఊడకుండా తవ్వి తెచ్చారు. దుర్గ ఒళ్ళంతా బురదే. భీమరాజు గూటికి చెయ్యి తగలకుండా ఒక్కో దుబ్బూ నాటుకుంటూ పోయాడు. మాస్టారు కూడా ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగారు. "అటు వద్దండి మాస్టారూ, ఊబి ఉంటాది," అని భీమరాజు చెబుతూనే ఉన్నాడు, ఆయన అటే వెళ్ళి తొడ దాకా దిగబడ్డారు. ఇంకో రోజైతే దుర్గ పడీపడీ నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు.

అరగంటలో పని అయిపోయింది. గూడు పూర్తిగా మూసుకుపోలేదు గానీ, ముందుకంటే నయం.

"ఇంక అందరం దూరం వెళ్ళిపోదాం," అన్నారు మాస్టారు. "మనం ఉంటే అది రాదు."

"వస్తుందాండీ?"

"తెలీదమ్మా." ఆయన ఉన్నమాటే చెప్పారు. "రావచ్చు. రాకపోవచ్చు కూడా."

దుర్గ ఇంటికి వెళ్ళలేదు. కొబ్బరితోట అంచున, మడుగు కనిపించేంత దూరంలో, ఒళ్ళో మట్టిబెడ్డలు పోసుకుని కూర్చుంది. కాకి తాడిచెట్టు మీదే ఉంది. కిందికి దిగబోయినప్పుడల్లా ఇటునుంచి ఒక బెడ్డ. మూడుసార్లు దిగబోయింది, మూడుసార్లూ మళ్ళింది. చివరికి విసుగెత్తి ఎటో పోయింది.

కాకి పోయింది సరే, బొల్లికోడేది?

పది దాటింది. పదకొండు దాటింది. జమ్ము కదిలిందంటే గాలికే కదిలింది. 'ఇంక రాదేమో. గుడ్లు చల్లారిపోతాయేమో. ఐదూ పోతాయేమో. అంతా నావల్లే' అనుకుంటూ దుర్గ గోళ్ళు కొరుక్కుంది.

మామ్మ మరిడమ్మ గిన్నెలో అన్నం కలుపుకుని వచ్చింది. భీమరాజు తల్లి ఆవిడ. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఇక్కడ కూకున్నావా! తిను ముందు."

"వద్దు మామ్మా."

"పిట్ట రాదని నువ్వు మానేస్తే పిట్టకేవన్నా కడుపు నిండుద్దా? నోరు తెరు."

దుర్గ నోరు తెరిచింది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద నోట్లో ఉండగానే దుర్గ మామ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అవతలి ఒడ్డున ఏదో తెల్లగా మెరిసింది. తెల్లటి మొహం. ఆగింది. తోక టిక్కుటిక్కుమని ఆడించింది. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. బొల్లికోడి కొత్తగా నాటిన జమ్ము దగ్గరికొచ్చి, ఇదెక్కడిదన్నట్టు మెడ వంచి చూసింది. తర్వాత చప్పున లోపలికి దూరిపోయింది.

చాలాసేపు చూశారు. అది మళ్ళీ బయటికి రాలేదు.

"కూకుంది," అంది మామ్మ. "ఇంక నువ్వు కూడా నవులు. ఇందాకటి ముద్ద నోట్లోనే ఉంది."

దుర్గ నమిలింది. కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

ఆ వారమంతా దుర్గ మడుగు వైపు అడుగు పెట్టలేదు. బాతులకి నత్తలు కావాలంటే చుట్టూ తిరిగి పెద్ద కాలవకి వెళ్ళింది. ఎంత కష్టమో తెలుసా? బడికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మెడ దానంతటదే అటు తిరిగేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి జమ్ము తప్పించి చూస్తే ఏం పోతుంది అని ప్రాణం కొట్టుకునేది. చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేది.

శనివారం సాయంత్రం భీమరాజు తాటిదోనె కట్టేసి వచ్చి, "అమ్మాయ్, మడుగులో నల్లగా ఏవో తిరుగుతున్నాయే. ఎలకపిల్లలంత ఉన్నాయి," అన్నాడు.

"ఎన్ని నాన్నా? ఎన్ని?"

"దూరం నించి ఏం కనపడుద్ది? దగ్గరికెళ్తే నువ్వు ఊరుకుంటావా?"

ఆదివారం పొద్దున్న మాస్టారు వచ్చారు. విషయం విన్నారు.

"ఈసారి గుడిసెలోకి నువ్వు కూడా రా దుర్గా."

"మరి తిరిగి వెళ్ళేదెవరండీ?"

"మీ మామ్మ గారిని అడుగుదాం."

మరిడమ్మకి సంగతి చెబితే, "పిట్టని మోసం చెయ్యడానికి ఇన్ని యేసాలా!" అని బుగ్గలు నొక్కుకుంది. కానీ చేయమన్న పని మాత్రం అందరికంటే బాగా చేసింది. ముగ్గురూ గుడిసె దాకా వెళ్ళాక ఒక్కతే వెనక్కి వెళ్తూ, ఉల్లిపాయల ధర దగ్గర్నుంచి బుల్లియ్య కొట్లో పాచిపోయిన బిస్కెట్ల దాకా అందరినీ తిట్టుకుంటూ పోయింది. ఆ గొంతు కొబ్బరితోట దాటేవరకూ వినిపిస్తూనే ఉంది. లోపల మాస్టారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు.

తర్వాత అంతా నిశ్శబ్దం.

గుడిసెలో ఉక్కగా ఉంది. దోమలు కుడుతున్నాయి. కొట్టడానికి లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు... దుర్గ కాళ్ళు తిమ్మిరెక్కాయి. మాస్టారు ఆ రోజు రెండు గంటలూ ఇలాగే కూర్చున్నారా అనుకుంది.

జమ్ము కదిలింది. బొల్లికోడి తల బయటపెట్టింది. మాస్టారు మెల్లగా లెన్సు తిప్పారు. బటన్ నొక్కారు.

'టక్!'

అంత చిన్న చప్పుడు. దానికే పిట్ట ఎగిరిపడి జమ్ములోకి దూకేసింది. ఒడ్డున నీళ్ళు అల్లల్లాడాయి.

"చూశావా?" మాస్టారు చెవిలో గొణిగారు. "పాత కెమెరా. నొక్కితే చప్పుడు చేస్తుంది. తోక తప్ప ఏం పడి ఉండదు. రీల్లో ఇంకొక్కటే మిగిలింది." ఆయన పక్కకి జరిగారు. "ఇది నువ్వు తియ్యి."

"నేనాండీ?"

"గూడు చూపించింది నువ్వు కదా. ఎప్పుడు నొక్కాలో నీ ఇష్టం."

దుర్గ చెమట పట్టిన వేలు బటన్ మీద పెట్టి, కన్ను అద్దానికి ఆనించింది. అమ్మో! అవతలి ఒడ్డు ముక్కు ముందుకి వచ్చేసింది. జమ్ము మీద పాకే చీమ కూడా కనిపిస్తోంది.

ఎంతసేపటికో బొల్లికోడి మళ్ళీ వచ్చింది. ఈసారి ఒంటరిగా కాదు. వెనకాల నల్లటి దూదిపింజల్లాంటి పిల్లలు. జమ్ముకీ, అవతలి తుంగకీ మధ్య నాలుగడుగుల ఖాళీ నేల ఉంది. దాన్ని దాటిస్తోంది తల్లి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

తల్లి ఖాళీ మధ్యలో ఆగింది. పిల్లలు నలుగురూ దాని కాళ్ళ దగ్గర ఆగారు. ఒక్క ఆకు అడ్డం లేదు. పొద్దుటెండ సరిగ్గా దాని తెల్లటి పొట్ట మీద పడుతోంది. మాస్టారు నెల రోజులుగా ఎదురుచూసిన ఫొటో అదే. ఆయన ఊపిరి బిగపట్టిన సంగతి దుర్గకి తెలుస్తూనే ఉంది. వేలు కింద బటన్ ఉంది.

కానీ తల్లి ముందుకి చూడటం లేదు. తల తిప్పి వెనక్కి చూస్తోంది.

దుర్గ లెన్సు వెనక్కి తిప్పింది. జమ్ము మొదట్లో ఒక పిల్ల ఆకుల మధ్య చిక్కుకుని గింజుకుంటోంది. ఐదోది! బతికే ఉంది. ఐదూ బతికాయి! దుర్గకి అరవాలనిపించింది. పెదవి కొరుక్కుంది.

తాడిచెట్టు మీద కాకి కూర్చుని ఉంది.

ఇప్పుడు 'టక్' మందంటే తల్లి నలుగురినీ తీసుకుని తుంగలోకి పారిపోతుంది. చిన్నది ఇవతలే మిగిలిపోతుంది.

దుర్గ బటన్ మీంచి వేలు తీసేసింది. మళ్ళీ పొరపాటున కూడా తగలకూడదని ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

పిల్ల ఆకు మీంచి జారి పడింది. లేచింది. మళ్ళీ పడింది. తల్లి 'క్వుక్ క్వుక్' అని మెల్లగా పిలిచింది. పిల్ల లేచి, ఉన్న రెండు కాళ్ళూ సరిపోనట్టు తడబడుతూ పరుగెత్తి, తల్లి కాళ్ళలో దూరింది. మరుక్షణం ఆరుగురూ తుంగలోకి వెళ్ళిపోయారు. ఆకులు ఊగాయి. ఆగిపోయాయి.

ఖాళీ నేల ఖాళీగా ఉండిపోయింది.

"నొక్కలేదేమ్మా?" మాస్టారు మెల్లగా అడిగారు.

"నొక్కితే పారిపోయేదండీ. చిన్నది ఇంకా రాలేదండీ." దుర్గ కళ్ళు తుడుచుకుంది. "ఫొటో పోయింది కదా మాస్టారూ."

"పోయింది," అన్నారు మాస్టారు. ఆయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్ని దాటాయి?"

"ఐదండీ! ఐదూ దాటేశాయండీ!"

మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, లెన్సుకి మూత పెట్టారు. తుంగలో పిట్టలు ఇంకా దూరం వెళ్ళాలి కదా. మామ్మ వచ్చి పిలిచేదాకా ఇద్దరూ కదలకుండా అలాగే కూర్చున్నారు.